చిలకపచ్చ కారు

మాదాపూర్‌లో ఓ ఆఫీసు బిల్డింగు ఏసీ ప్లాంటు చూసుకోవడం నా ఉద్యోగం. చిల్లర్‌లో 7 డిగ్రీలకు చల్లబడ్డ నీళ్లు తొమ్మిది అంతస్తులూ తిరిగి, 12 డిగ్రీలకు చేరి, మళ్లీ చిల్లర్‌కే వస్తాయి. దీన్ని క్లోజ్డ్ లూప్ అంటారు. లోపలి నీళ్లు బయటికి పోవు, బయటి నీళ్లు లోపలికి రావు. పుస్తకంలో అలాగే ఉంది.

పైపులు తుప్పు పట్టకుండా ఆ 20,000 లీటర్లలో నైట్రైట్ కలుపుతాం. మా భాషలో మందు. నెలకోసారి పరీక్ష. శాంపిల్‌లో కాస్త యాసిడ్ పోసి, నేరేడుపండు రంగు పర్మాంగనేట్ చుక్కచుక్కగా వేస్తూ, గులాబీ రంగు నిలిచేదాకా లెక్కపెట్టాలి. మా కిట్‌లో ఒక్కో చుక్కకి 40 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల నీటిలో 40 పాళ్ల మందు ఉన్నట్టు లెక్క. 22 చుక్కలు పడితే ఆ నెల నాకు నిద్ర పడుతుంది.

ఏప్రిల్‌లో పదో చుక్కకే గులాబీ తిరిగింది. క్యాన్లు తెప్పించి మందు పోశాం. మేలో మళ్లీ పదే!

"మందంతా ఎవరు తాగేస్తున్నారయ్యా?" అన్నారు మేనేజరు గారు. నా వైపే ఎందుకు చూశారో తెలియదు.

బాక్టీరియా తినేస్తోందన్నాడు మందులమ్మే కుర్రాడు. టెస్టు చేయిస్తే బాక్టీరియా లేదు. పైపులో చెత్త పట్టే జల్లెడ, స్ట్రెయినర్, విప్పితే మాత్రం కాటుకలాంటి నల్లటి బురద. అంటే కొత్త నీళ్లు చేరుతున్నాయి, వాటితో వచ్చే ఆక్సిజన్ ఇనుమును తింటోంది. మేకప్ లైనుకి మీటరు పెట్టించాను. (ముఖానికి వేసుకునే మేకప్ కాదు, తగ్గిన నీటిని నింపే పైపు.) రోజుకు 800 లీటర్లు! శని, ఆదివారాలు సున్నా. పంపులు ఆగితే ప్రెషర్ తగ్గుతుంది కదా, అందుకే లీకు కూడా ఆగుతోందని అందరికీ తెలివిగా వివరించాను. వారం రోజులు నిచ్చెనేసుకుని ఫాల్స్ సీలింగుల్లో తల దూర్చాను. చుక్క కనపడలేదు.

చివరికి లీకు పట్టే రంగు, ఫ్లోరెసీన్, లూపులో కలిపాను.

మర్నాడు పదింటికి బేస్‌మెంట్‌లోకి దిగితే, చిలకపచ్చ మడుగులో ఓ తెల్ల కారు. వైపర్ల సందుల్లో పచ్చ, నంబరు ప్లేటు మీద పచ్చ. నంబరు నాదే.

పక్కనే బకెట్‌తో వాచ్‌మన్ కాకా. ఆయన తుండు కూడా పచ్చే. నెలకు 500 తీసుకుని రోజూ పది కార్లు కడుగుతాడు, కారుకు నాలుగు బకెట్లు. పైపు ప్లాంటు రూములోని మా డ్రెయిన్ వాల్వుకి తగిలించి ఉంది.

"ట్యాంకర్ రాకుంటే నల్లాల నీళ్లు వస్తలేవు గద సార్. గిది మాత్రం ఎప్పుడూ బంద్ గాదు. మస్తు సల్లగుంటయ్ నీళ్లు."

నా గుండె జారింది. నైట్రైట్ కడుపులోకి పోతే రక్తం ఆక్సిజన్ మోయలేదు. "తాగలేదు కదా కాకా?"

"ఛీ, వాసనొస్తయ్ సార్. కార్లకే."

ఆ వాల్వుకి అదే పూట డమ్మీ ప్లగ్ బిగించాను. రిపోర్టులో 'డ్రెయిన్ వాల్వు పాసింగ్, సరిచేయడమైనది' అని రాసి మేనేజరు గారికి పంపాను. (మూసిన వాల్వు కారుతుంటే మా భాషలో పాసింగ్.) ఎవరి కారు మీదకి పాసింగో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రం కాకా గేటు దగ్గర ఆపాడు. "సార్, రేపటిసంది మీ కారుకు నీళ్లు యాడికెల్లి తేవాలె?"