ఇన్‌హేలర్ మీద పడి ఏడవకండి, ముందు మందుల సంచి విప్పండి

పొద్దున్నే వచ్చిపడింది ఫార్వర్డ్. "షుగర్ ఉన్నవాళ్లు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వెంటనే ఆపేయండి, పది మందికి పంపండి." కింద మూడు దండాలు, రెండు పువ్వులు. పువ్వులు పెడితే నిజమైపోతుంది కాబోలు.

లెక్క చూద్దాం. ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్ బ్యూడెసొనైడ్ పెద్దవాళ్లకు రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములంటే తక్కువ డోసు. 800 దాటితే ఎక్కువ డోసు. మీ మాట విని ఆపేసినవాడికి ఆయాసం ముదిరితే ఏమిస్తారో తెలుసా? ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు, రోజుకు 40 మిల్లీగ్రాములు, 5 నుంచి 7 రోజులు. అంటే 40,000 మైక్రోగ్రాములు! మందు వేరు, బలం వేరు, ఒప్పుకుంటా. కానీ ఇది ఒళ్లంతా తిరిగే మందు. అసలు షుగర్ ఎగిరేది అప్పుడు.

ఇన్‌హేలర్‌తో ఏమీ కాదనట్లేదు. ఎక్కువ డోసు ఏళ్ల తరబడి వాడితే షుగర్ కాస్త పెరగొచ్చు, కంట్లో శుక్లాలు రావచ్చు, ఎముకలు పలచబడొచ్చు. డోసు పెంచిన కొన్ని వారాలు షుగర్ తరచుగా చూసుకోండి. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినా డాక్టరుకు చెప్పండి. పీల్చాక నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేయండి. మింగేవాళ్లున్నారు మహానుభావులు! గొంతులో మిగిలిన మందు కడుపులోకి పోకూడదనే కదా ఆ నీళ్లు.

భయపడాల్సిన చోట మాత్రం ఎవరూ భయపడరు. తామరకని ఇట్రాకొనజోల్ వారాల తరబడి మింగుతారు, ఇన్‌హేలర్ సంగతి నోరెత్తరు. బ్యూడెసొనైడ్‌నీ, అలాగే పీల్చే ఇంకో స్టెరాయిడ్ ఫ్లుటికసోన్‌నీ కాలేయంలో విరిచేది సిప్ 3ఏ4 అనే ఎంజైము. ఇట్రాకొనజోల్ దాని చేతులు కట్టేస్తుంది. హెచ్ఐవీకి వాడే రిటోనవిర్ కూడా అంతే. విరగని స్టెరాయిడ్ రక్తంలో పేరుకుంటుంది. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒంటికి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి పడకేస్తుంది. అప్పుడు భయపడి ఇన్‌హేలర్ ఠక్కున ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. బెక్లోమెథసోన్ అనే వేరే ఇన్‌హేలర్ స్టెరాయిడ్‌కు మార్చుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. కానీ డాక్టరుకు తెలిస్తేగా మార్చడానికి!

ఇక నా పాత కడుపుమంట. కంటి చుక్కలు. "ఏం మందులు వాడుతున్నారు?" అంటే బీపీ బిళ్ల చెప్తారు, షుగర్ బిళ్ల చెప్తారు, చుక్కలు చెప్పరు. చుక్కలు మందు కాదట, కంట్లో వేసుకునేవట! గ్లకోమాకు, అంటే కంటి ఒత్తిడి పెరిగే జబ్బుకు వేసే టిమొలాల్, బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ల జాతిదండీ. కంటి మూలలోంచి ముక్కులోకి జారి రక్తంలో కలుస్తుంది, ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. ఆయాసం ఎక్కువవుతుంది. ఇన్‌హేలర్ పనిచేయట్లేదనుకుని స్టెరాయిడ్ డోసు పెంచుతారు. పెరిగిన స్టెరాయిడ్ కంటి ఒత్తిడి పెంచొచ్చు. అప్పుడు కంటి డాక్టరు ఇంకో చుక్కలు రాస్తాడు. ఛాతీ డాక్టరు చీటీ ఈయన చూడడు, ఈయన చీటీ ఆయన చూడడు, మధ్యలో మనిషి ఎగశ్వాసతో తిరుగుతుంటాడు.

రెండు మందులు కలిపిన సీసాల్లోనూ టిమొలాల్ ఉంటుంది, పేరు చిన్న అక్షరాల్లో. ఉబ్బసం ఉందని చెప్తే వేరే రకం చుక్కలు రాస్తారు. చుక్కలు కూడా మీ అంతట మీరు ఆపకండి, చూపు పోవచ్చు.

ఫార్వర్డ్ పంపినాయనా, మీ ఇంట్లో చుక్కల సీసా ఉంటే తిప్పి చదవండి.