బొట్టు కనిపిస్తే జీన్ ఆన్ అయినట్టేనా?
జన్యువులను నియంత్రించే ప్రోటీన్లు కణ కేంద్రకంలో చిన్న చిన్న బొట్లుగా గుమిగూడతాయని, అలా గుమిగూడటం వల్లే జీన్ ఆన్ అవుతుందని (అంటే ఆ జన్యువు పని మొదలుపెడుతుందని) నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చి రాసేశారు, మొదటి సగం ఓకే గానీ రెండో సగం దగ్గరే నాకు పేచీ. 2018లో అమెరికా జీవశాస్త్రవేత్త రిచర్డ్ యంగ్ ల్యాబ్ వాళ్లు సూపర్ ఎన్‌హాన్సర్ల (జన్యువుల పనిని బాగా పెంచే డీఎన్ఏ భాగాల) దగ్గర మెడ్1, బీఆర్‌డీ4 అనే ప్రోటీన్లు ఇలా పోగవుతున్నాయని చూపించిన మాట నిజమే. కానీ కొండారెడ్డి బురుజు దగ్గర జనం పోగయ్యారంటే గొడవ జరిగిందని వచ్చారా, వచ్చాక గొడవ మొదలైందా అన్నది ఒక్క ఫోటో చూసి చెప్పలేం కదా! పైగా మైక్రోస్కోపులో కనబడేందుకు మెరిసేలా చేసిన ప్రోటీన్‌ను కణంలో మోతాదు మించి తయారు చేయిస్తే అది ఊరికే కూడా ముద్ద కట్టొచ్చు. బొట్లను కరిగించడానికి వాడే హెక్సేన్‌డయాల్ అనే రసాయనం కొన్ని ఎంజైముల పనిని కూడా చెడగొడుతుంది, మరి అది వేశాక జీన్ ఆగితే, బొట్లు కరగడం వల్లా, ఎంజైములు చెడటం వల్లా? ఒక్కో అణువును విడిగా వెంటాడి చూస్తే చాలా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (డీఎన్ఏకు అంటుకుని జన్యువులను నియంత్రించే ప్రోటీన్లు) డీఎన్ఏ మీద కొన్ని సెకన్లే నిలబడి వెళ్లిపోతాయి, ఆ సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. నేను కర్నూలులో డిగ్రీ పిల్లలకు బయాలజీ చెప్తాను. ఉల్లి వేరు కొసకు (మాకు ఉల్లికి కరువేముంది) అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు పట్టించి, కవర్‌స్లిప్‌ను బొటనవేలితో మెల్లగా నొక్కి చూపిస్తే కేంద్రకం అంతా ఎర్రగా ఒకే మాదిరి కనిపిస్తుంది, దాంతో లోపల పెద్ద ఏర్పాటేమీ లేదనుకుంటారు పిల్లలు. ఆ అపోహ పోగొట్టడానికి మాత్రం ఈ వ్యాసం బాగా పనికొస్తుంది, క్లాసులో చదివిస్తా, జీన్ ఆన్ అవడం గురించి తేల్చేసిన చివరి పేరా వదిలేసి.