నవ్వుల పెట్టె గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నవ్వుల పెట్టె గారికి,

టీవీ హాస్యం రాసి పొట్టపోసుకునే ఒక అల్పుడు నమస్కరించి రాయునది. తమరు క్షేమమనే తలుస్తాను; నవ్వడానికి జోకుతో కూడా పనిలేని వారికి ఏం కొదవ?

1950ల ఆరంభంలో, టీవీ కార్యక్రమాలకు రికార్డు చేసిన నవ్వులు కలపడానికి, అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ సౌండ్ ఇంజనీరు చార్లెస్ డగ్లస్ తమరికి ప్రాణం పోశాడు. టైప్‌రైటరుకు మల్లే మీటలు, నవ్వు ఎంతసేపు సాగాలో తేల్చడానికి కాలికింద పెడలు, లోగుట్టు ఎవరికీ తెలియకుండా తాళాలు. ఒక మీటకు ముసిముసి నవ్వు, ఇంకో మీటకు పగలబడి నవ్వు. రాసేవాడికి మాత్రం ఇలాంటి పెట్టెను ఎవరూ చేసివ్వలేదు.

అమెరికన్ హాస్యరచయిత లారీ గెల్‌బార్ట్ తమరికి గుర్తుండే ఉంటాడు. క్షురకుడైన తండ్రి, తన దగ్గర జుట్టు కత్తిరించుకునే హాస్యనటుడు డానీ థామస్‌తో 'మావాడు జోకులు రాస్తాడు' అని చెప్పిన పుణ్యాన, పదహారేళ్లకే రేడియోకు రాశాడు. ఆపైన మెల్ బ్రూక్స్, నీల్ సైమన్‌లతో కలిసి హాస్యనటుడు సిడ్ సీజర్ టీవీ కార్యక్రమానికి రాశాడు. అక్కడ ఎదుట మనుషులే ఉండేవారు కనుక పేలని జోకు పేలనట్టే తెలిసిపోయేది. అలా రాటుదేలిన మనిషి 1972లో, కొరియా యుద్ధకాలపు సైనిక వైద్యశాల కథగా సాగే టీవీ సీరియల్ 'మాష్'కు తమరి సేవలు వద్దని మొత్తుకుంటే, సీబీఎస్ ఆపరేషన్ గదిలో మాత్రం తమరి నోరు మూయించి, గుడారాల్లో యథేచ్ఛగా నవ్వనిచ్చింది. ఆ గుట్టల్లోకి అంతమంది జనం ఎక్కణ్ణుంచి వచ్చారో మరి! బ్రిటన్‌లో బీబీసీ తమరిని తీసేసి ప్రసారం చేస్తే, అక్కడివారు ఎప్పుడు నవ్వాలో తామే తేల్చుకున్నారు. ఎంత సాహసం!

నా గొడవ చిన్నది. ఒక స్కిట్‌లో, కూతురి పెళ్లికి అప్పు పుట్టని తండ్రి 'పర్లేదండీ, అలవాటే' అని కండువా దులుపుకుంటాడు. ఆ తర్వాత రెండు సెకన్ల మౌనం రాసుకున్నాను. 'గ్యాప్ కనబడుతోంది సార్' అంటూ ఎడిటర్ అందులో తమరి పగలబడి నవ్వును పోశాడు. అది బాగా పేలిందని, అలాంటి పంచ్‌లు ఇంకో నాలుగు రాయమని మర్నాడే కబురొచ్చింది.

నాలుగు సీజన్ల తర్వాత, 1976లో, గెల్‌బార్ట్ 'మాష్' వదిలి వెళ్తూ రాసి, దర్శకత్వం వహించిన ఆఖరి ఎపిసోడు నలుపు తెలుపుల్లో ఉంటుంది. అందులో తమరి గొంతు లేదు. నాకు అంత పెద్ద కోరికలు లేవు; ఆ రెండు సెకన్లు వదిలిపెడితే చాలు.

ఇట్లు,
తమరు నవ్వేలోగా నవ్వించాలని తంటాలు పడువాడు