ప్రీ వెడ్డింగ్ షూట్లకు యూనిఫాం ఇవ్వబడదు

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. బీపీ ఎంతుందో చూసుకునే ధైర్యం కూడా లేదు.

మా పిన్ని కొడుక్కి పెళ్లి కుదిరింది. సంతోషం. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి 'టేకాఫ్' థీమ్ అట. అదీ సంతోషమే, వాడి డబ్బు, వాడి సరదా. "అన్నయ్యా, నీ దగ్గర పాత పైలట్ డ్రెస్ ఉంది కదా, ఒక్కరోజు ఇవ్వవా? డ్రైక్లీనింగ్ చేయించి మరీ ఇస్తాం" అన్నాడు. అక్కడితో ఆగినా ఏదో సర్దిచెప్పేవాణ్ని. "నడుం దగ్గర కొంచెం టైట్ చేయించుకుంటాం, తర్వాత విప్పేస్తాం. ఆ రెక్కల బ్యాడ్జీ తీసేసి అక్కడ మా ఇద్దరి పేర్లు కుట్టిస్తే అదిరిపోతుందని ఫొటోగ్రాఫర్ అన్నాడు."

ఫొటోగ్రాఫర్ అన్నాడట! ఇంకేం, కత్తెర ఎక్కడుందో వెతుకుతా ఆగు.

పాత వైమానిక దళ యూనిఫాంలు, బ్యాడ్జీలు సేకరించడం నా పిచ్చి. వాడు డ్రెస్ అన్నది రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్ ఉన్ని కోటు. మన వైమానిక దళానికి ఆ 'రాయల్' తగిలింది 1945 మార్చిలో. ఊడింది 1950 జనవరిలో, మనం రిపబ్లిక్ అయినప్పుడు. అంటే కిరీటం బొత్తాలు, కిరీటం ఉన్న రెక్కల బ్యాడ్జీతో ఆ యూనిఫాం చలామణీలో ఉన్నది అయిదేళ్లు కూడా కాదు. ఆ తర్వాత కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. కాలర్ లోపలివైపు నల్లజీడి గింజ రసంతో పెట్టిన ధోబీ గుర్తు ఒకటుంది. రెండు అడ్డగీతలు, పక్కన చుక్క. అంబాలా ధోబీ పెట్టాడో, పెషావర్ ధోబీ పెట్టాడో! మధ్యలో దేశమే రెండు ముక్కలైంది, ఆ గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని మావాడు డ్రైక్లీనింగ్ చేయిస్తాడట.

అన్నట్టు, సైనికుడు కానివాడు జనం తనని సైనికుడు అనుకోవాలని ఆ బట్టలు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ఉంది. మూడు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మావాణ్ని చూసి ఎవరూ సైనికుడనుకోరు కాబట్టి వాడికి భయం లేదు, అది వేరే సంగతి.

ఒక్క వాణ్ని అని ఏం లాభం? యూనిఫాం అంటే ఫ్యాన్సీ డ్రెస్ అని జనానికి నేర్పింది ఇలాంటి పాత సరుకు అమ్మేవాళ్లే. మొన్న ఒకాయన అమ్ముతానని ఒక ప్యాచ్, అదే యూనిఫాం మీద పెట్టుకునే గుడ్డ బ్యాడ్జీ, ఫొటో పంపాడు. 'రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్, బర్మా 1944' అని ఉంది. "మా తాతగారిది సార్, ఒరిజినల్." 1944లో రాయల్ ఎక్కడిదయ్యా? పోనీ, మీ తాతగారికి జ్యోతిషం వచ్చు అనుకుందాం. దాని మీద మన విమానాలకు వేసే గుండ్రటి గుర్తు, మధ్యలో ఎర్ర చుక్క ఉంది. జపాన్ విమానాల మీద ఎర్ర సూర్యబింబం ఉంటుంది, పొరపాటున మనవాళ్లే మనవాళ్లను కాలుస్తారని బర్మా యుద్ధంలో ఆ ఎరుపు తీసేసి రెండు రకాల నీలం వేశారు. అదీ వదిలేద్దాం. వెనక తిప్పి ఫొటో పెట్టమన్నాను. పెట్టాడు మహానుభావుడు. వెల్క్రో! వెల్క్రో బజారులోకి వచ్చిందే 1950ల్లో. ఇదంతా చెబితే "మీకు ఇష్టం లేకపోతే వదిలేయండి సార్, వేరే పార్టీ ఉంది" అన్నాడు. ఉండే ఉంటుంది. ఎవరి పెళ్లో మరి.

మిగ్-21 కథ అయితే మరీ దారుణం. 1963లో వచ్చిన యుద్ధవిమానం, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. ఆ వారంలో ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా 'స్క్వాడ్రన్ ఒరిజినల్' (విమాన దళం వాళ్లు నిజంగా వాడినవి అని) ప్యాచ్‌లే. రాత్రి అతినీలలోహిత (యూవీ) లైటు కింద పెట్టి చూడండి, వాటిలో చాలావాటి కొత్త పాలిస్టర్ దారం పెళ్లిపందిరి సీరియల్ సెట్టులా వెలుగుతుంది. ఉతుకు సబ్బు తగలని పాత నూలు దారం మామూలుగా అలా మెరవదు. ఇంత చిన్న పరీక్ష చేసుకోకుండా వేలకు వేలు పోసి ఫ్రేము కట్టించుకుంటారు, పైగా దాని ముందు నిలబడి సెల్ఫీ!

అసలైనది చూపిస్తే మాత్రం పట్టదు. బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. 1940లో బ్రిటన్ ఆకాశంలో స్పిట్‌ఫైర్లతో జర్మన్లతో తలపడి, తర్వాత బర్మా దాకా వచ్చింది. దాని బ్యాడ్జీ మీద ఉన్నది నిజాం తలపాగా. ఆ బ్యాడ్జీ పెట్టుకుని హైదరాబాద్‌లోనే నలుగురిలోకి వెళితే ఒకాయన "ఇది ఏ బిర్యానీ హోటల్ లోగో అండీ?" అని అడిగాడు. ఇంటికొచ్చి తీసి పెట్టెలో పెట్టేశాను. అంతకుముందు మొదటి ప్రపంచయుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు కొనిచ్చింది కూడా మన నిజామే అని చెబుదామనుకున్నాను. ఎవరికి చెప్పాలి?

ఇవన్నీ సరే. నాకు ఇప్పటికీ మంట ఆరని విషయం ఇంకోటుంది.

మా వీధిలో ఒక రిటైర్డ్ సార్జెంట్ ఉండేవారు. ఇంజన్ ఫిట్టర్. 1971 యుద్ధంలో పఠాన్‌కోట్‌లో హంటర్ యుద్ధవిమానాలకు పనిచేసిన మనిషి. ఒకసారి ట్రంకుపెట్టె తీసి కోటు చూపించారు. భుజం కింద మూడు పట్టీలు, గుండె మీద ఆ యుద్ధానికిచ్చిన పతకాలు పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ రిబ్బన్లు. కుడి చేతి మడత లోపల గ్రీజు మరక. "ఇదెందుకు పోలేదండీ?" అంటే "పోగొట్టుకోవాలనుకుంటే కదా" అని నవ్వారు. ఆయన పోయాక పదకొండో రోజున కోటు సంగతి అడిగేంత నీచుణ్ని కాదు. కొన్నాళ్లు ఆగి వెళ్లాను. పెట్టె ఖాళీ. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ వచ్చిందట, ఆ కోటు, రెండు చీరలు కలిపి వేసి ఒక బేసిన్ తీసుకున్నారట. కొడుకు ఆ బేసిన్ తెచ్చి చూపించాడు కూడా, బరువు బాగానే ఉందని. నా మొహం చూసి ఏదో అనిపించినట్టుంది, ఓదార్పుగా అన్నాడు: "మా నాన్న పైలటేం కాదుగా అన్నా, పైలట్ అయితే ఉంచేవాళ్లమే."

విన్నారుగా? విమానం ఎగరాలంటే కింద ఎంతమంది రాత్రంతా మేలుకోవాలో ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాడికి తెలియదు! రెక్కల బ్యాడ్జీ ఉంటే ఫ్రేము, పట్టీలు ఉంటే బేసిన్. ఇవన్నీ సేకరించే మనమేమైనా తక్కువ తిన్నామా? మన ఆన్‌లైన్ గ్రూపుల్లో పైలట్ రెక్కలు పెడితే వేలంపాట. ఆ సార్జెంట్‌గారిలాంటి ఎయిర్‌మన్ కోటు పెడితే ఒక్క లైకు, అదీ పెట్టినవాడి బావమరిదిది.

అందుకని అడుగుతున్నాను. మీ ఇంటి అటక మీద అలాంటి పెట్టె ఉంటే, తాతదైనా మేనమామదైనా, పైలట్ కాకపోయినా సరే, వీధిలో స్టీలు సామాన్ల కేక వినపడేలోపు ఒకసారి దింపండి. నాకు ఇవ్వక్కర్లేదు. ఉతకొద్దు, ఇస్త్రీ చేయించొద్దు, బొత్తాలకు చింతపండు పెట్టి తోమొద్దు. ఆయన పేరు, సర్వీస్ నంబరు, ఏ ఊళ్లో పనిచేశారో కాగితం మీద రాసి జేబులో పెట్టండి. పాత నూలుగుడ్డలో చుట్టి నాలుగు కలరా ఉండలు వేయండి. ఉంచుకునే చోటు లేదంటే అప్పుడు నాకు మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి తీసుకెళ్తాను. రేటెంతొస్తుందని మాత్రం మొదటి మెసేజ్‌లోనే అడక్కండి.