ముందు సిమెంటు బట్టీ, తర్వాతే యాదాద్రి విద్యుత్ కేంద్రం

సున్నపు గడ్డల మీద నీళ్లు పోస్తే బుసబుసమంటూ ఉడికి, విచ్చుకుని, వెన్నలాంటి ముద్దవుతాయి. ఆ ముద్దను పల్చగా కలిపి గోడకు కొడితే తొలిరోజుల్లో చేతికి అంటుకుంటుంది, కొన్ని వారాలకు గట్టిపడుతుంది. ఈలోగా సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) తాగి మళ్లీ రాయిగా మారుతుంది. ఆ వాయువు గాలిలో కలవకుండా పట్టేందుకు ఫ్యాక్టరీ పొగగొట్టం దగ్గర ఇదే పనిని 650 డిగ్రీల వేడిలో నిమిషాల్లో చేయించవచ్చు. ఆ రాయిని వేరే కొలిమిలో 900 డిగ్రీలు దాటించి కాలిస్తే పట్టిన వాయువంతా విడిపోతుంది, సున్నం మళ్లీ పనికి సిద్ధమవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వంద కిలోల సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. అంటే సున్నం తయారీలోనే, అది తర్వాత పట్టబోయేంత వాయువు బయటపడుతోంది. ఒక్కసారి వాడి పారేస్తే లాభం సున్నా. నిజానికి నష్టమే, కొలిమికి ఇంధనం కూడా కావాలి కదా. సున్నాన్ని మళ్లీ మళ్లీ తిప్పి, బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలో పదిహేను శాతానికి మించని వాయువును విడిగా, చిక్కగా రాబట్టడంలోనే అసలు లాభముంది. అందుకే రెండో కొలిమిలో ఇంధనాన్ని గాలితో కాకుండా ఆక్సిజన్‌తో మండిస్తారు, లేకపోతే నత్రజని మళ్లీ వచ్చి కలుస్తుంది. ఆ ఆక్సిజన్ తయారీకి కరెంటు ఖర్చు తక్కువేమీ కాదు. వాయువును పట్టేటప్పుడు పుట్టే వేడితో ఆవిరి చేసి కొంత రాబట్టుకోవచ్చు.

సున్నానికి ఇంకో జబ్బుంది. కాల్చినకొద్దీ దాని సూక్ష్మరంధ్రాలు మూసుకుపోతాయి. వందసార్లు తిప్పేసరికి పట్టే శక్తి పదోవంతుకు దిగుతుంది. కాబట్టి అలసిన సున్నాన్ని తీసేసి కొత్త రాయి వేస్తూ ఉండాలి. మరి తీసేసినదాన్ని ఏం చేయాలి? ఇంకోచోటైతే అది తలనొప్పే. ఉమ్మడి నల్లగొండలో మాత్రం సరుకు. సిమెంటు క్లింకర్‌కు (నూరితే సిమెంటయ్యే కాల్చిన గడ్డలకు) కావలసింది సున్నమే. వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు బట్టీల్లో ఆ సున్నం వేస్తే ఆ మేరకు రాయిని కాల్చే పని, దాని పొగ తప్పుతాయి. (ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే విధానానికి ప్రపంచంలో ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. సున్నం ఈ జిల్లాకు కొత్త చుట్టమేమీ కాదు.)

అయినా ఈ జిల్లాలోని యాదాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రంతో మొదలుపెట్టడం తొందరపాటే అవుతుంది. మొత్తం 4,000 మెగావాట్లలో ఒక్క 800 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తిగా నడిస్తే సుమారు 17 వేల టన్నుల వాయువు వస్తుంది. ఈ పద్ధతిని పరీక్షించిన పేరున్న కేంద్రాల్లో ఒకటైన స్పెయిన్‌లోని లా పెరేదా ఉష్ణ సామర్థ్యం 1.7 మెగావాట్లే. అక్కడి నుంచి ఇక్కడికి ఒక్క గంతులో రాలేం. సిమెంటు బట్టీ సంగతి వేరు. అందులో వచ్చే వాయువులో దాదాపు అరవై శాతం బొగ్గుది కాదు, రాయిదే. సౌర విద్యుత్తు ఎంత పెంచినా అది తగ్గదు. పొగలో వాయువు పాలు ఎక్కువ, సున్నం చేతిలోనే ఉంది, రాయిని కాల్చడం తెలిసిన మనుషులూ ఉన్నారు.

పట్టిన వాయువును ఎక్కడ దాచాలన్నది మాత్రం సున్నం తేల్చలేదు. ఐస్‌లాండ్‌లో నీటిలో కరిగించి నల్లరాతి (బసాల్ట్) పొరల్లోకి పంపితే రెండేళ్లలోపే చాలావరకు రాయిగా మారింది. మన దగ్గర అలాంటి దక్కన్ నల్లరాయి వికారాబాద్ వైపు ఉంది, కృష్ణా ఒడ్డు బట్టీలకు రాష్ట్రం ఆ కొసన. అంత దూరం గొట్టం ఎవరి పొలాల గుండా వేస్తారు, కొత్త రాయి కోసం ఎన్ని ఎకరాలు తవ్వుతారు అన్నవి గని అనుమతులకు ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణలోనే అడగాలి. పొగ పడతామన్న మాట మీద క్వారీ హద్దు జరిగాక అడిగితే, గోతిలో నీళ్లు చేరి ఉంటాయి.