ఎస్వీఆర్ పేరు చెప్పి కుర్రాళ్ల ఉద్యోగాలు మాన్పించకండి

ఏ గ్రూపు తెరిచినా ఎస్వీ రంగారావు ఫొటో, కింద అదే మెసేజ్. చదువు మధ్యలో మానేశాడట, నాటకాల మొహం చూడలేదట, ఫైర్ ఆఫీసర్ ఉద్యోగానికి రాజీనామా చేసి వెళ్తే మొదటి సినిమాతోనే స్టార్ అయిపోయాడట, కాబట్టి మీరూ ఇవాళే రాజీనామా ఇచ్చేయాలట. పంపేది నా స్నేహితులే, అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

చదువా? ఆయన బీఎస్సీ. ఆ సంగతి అయిపోయింది.

నాటకాలంటారా, కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ పేరైనా విన్నారా? అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి తిరిగిన ఆ క్లబ్బులోనే ఈయనా వేషాలు కట్టాడు.

అసలు అబద్ధం మొదటి సినిమా దగ్గరుంది. అది 1946లో వచ్చిన 'వరూధిని'. ప్రవరుడు ఈయనే, అంటే హీరో. సినిమా ఆడలేదు, వేషాలూ రాలేదు. ఏం చేశాడు మరి? జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరాడు! మొదటి సినిమాతోనే స్టార్ అయినవాడికి నెల జీతంతో ఏం పనో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి. తర్వాత 'పల్లెటూరి పిల్ల'లో విలన్ వేషానికి కబురొచ్చింది, సరిగ్గా అప్పుడే తండ్రి పోయాడు. ఆ కార్యాలు ముగించుకుని మద్రాసు చేరేసరికి వేషం ఎ.వి. సుబ్బారావుకు వెళ్లిపోయింది, ఈయనకు దక్కింది చిన్న వేషం. 1950లో 'షావుకారు'లో సున్నం రంగడు, 1951లో 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు వేశాకే జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. నడుమ గడిచిన ఆ ఐదేళ్లూ మీ మెసేజ్‌లో ఏమయ్యాయి?

ఇది చదివేది ఎవరనుకుంటున్నారు? సినిమా వేషాల కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటూ వచ్చే నెల రూమ్ అద్దె ఎలా కట్టాలా అని టెన్షన్ పడే కుర్రాళ్లు. మొదటి సినిమా పోయి మళ్లీ ఉద్యోగంలో చేరితే తమ పని అయిపోయిందనుకుంటారు వాళ్లు. ఎస్వీఆర్ చేసింది సరిగ్గా అదేనని వాళ్లకు తెలియాలి కదా, దాన్నే దాచేస్తారా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఫైర్ ఆఫీసర్ కొలువు ఆయన వదిలింది నటన మీద ప్రాణం పెట్టుకునే. ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగం వదులుకోవడమంటే మాటలు కాదు, ఆ తెగింపు లేకపోతే మనకు 'నర్తనశాల' కీచకుడూ లేడు, 'మాయాబజార్' ఘటోత్కచుడూ లేడు. తెగింపు గురించి రాయండి, కాదనను. పక్కనే జంషెడ్‌పూర్ సంగతి కూడా రాసి అప్పుడు ఫార్వర్డ్ చేయండి.