వినపడని వారికి కనపడేలా చెప్పాలి

సర్కారు ఆస్పత్రి ఓపీలో చీటీ రాయించుకున్నవారిని నర్సు పేరు పెట్టి పిలుస్తుంది. రెండుసార్లు పిలిచినా పలకకపోతే చీటీ అడుగుకు వెళ్లిపోతుంది. అందుకే చెవుడు ఉన్న మనిషి బెంచీ మీద కూర్చోడు. డాక్టరు గది తలుపు దగ్గరే నిలబడి నర్సు పెదవుల వైపు చూస్తూ ఉంటాడు. మూత్రానికి వెళ్లాలన్నా టెన్షనే. తీరా లోపలికి వెళితే డాక్టరు మాస్కు తీయరు, కంప్యూటర్ వైపు చూస్తూ అడుగుతారు. వెంట వచ్చిన కూతురో తమ్ముడో జవాబు చెబుతారు. నొప్పి ఒకరిది, మాట ఇంకొకరిది. బధిర మహిళ తన నెలసరి గురించి, గర్భం గురించి మరిది చేత చెప్పించుకోవాల్సి వస్తే ఆమె సగం బాధ చెప్పకుండానే తిరిగి వెళ్లిపోతుంది.

ఈ తిప్పలు చెవుడు తెచ్చిపెట్టినవి అనుకుంటే పొరపాటు. టోకెన్ నంబరు చూపే బోర్డు ఒకటి గోడకు తగిలిస్తే ఓపీ దగ్గర నిలబడే బాధ తప్పుతుంది. బ్యాంకుల్లో అలాంటి బోర్డులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆస్పత్రికి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు, తహసీల్దారు కార్యాలయానికి అవి రాకపోవడానికి డబ్బు కారణం కాదు. వినపడనివాళ్లు కూడా ఇక్కడికి వస్తారన్న ఆలోచన లేకపోవడమే కారణం.

2011 జనగణనలో వినికిడి లోపం ఉన్నవారు దేశంలో 50 లక్షల పైచిలుకు అని తేలింది. చెవుడు నివారణకు కేంద్రం 2007లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం చెప్పే అంచనా మాత్రం 6 కోట్ల పైమాటే. గణకుడు గుమ్మంలో నిలబడి అడిగితే ‘మా ఇంట్లో అలాంటివాళ్లు లేరు’ అనే జవాబు ఈ తేడాలో కొంత ఉంది. లెక్క అలా ఉంటే, చట్టం గీసిన గీత మరో సమస్య. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి లోపం, 70 ఉంటే బధిరత్వం. 50 డెసిబెల్స్ దగ్గర ఆగిపోయిన మనిషికి పింఛను రాదు. కానీ ఎదుటివాళ్లు మామూలుగా మాట్లాడితే సగం అందదు. పనిలో మేస్త్రీ చెప్పింది తప్పుగా అర్థం చేసుకుని తిట్లు తింటాడు.

మన ఇళ్లలోని పెద్దవాళ్లలో చాలామంది ఈ గీతకు అటూ ఇటూ ఉన్నవారే. టీవీ సౌండు పెంచుతున్నారని కసురుకుంటాం. రెండోసారి అడిగితే ‘ఏం లేదులే’ అనేస్తాం. అలా నాలుగుసార్లు అయ్యాక పెద్దాయన అడగడమే మానేస్తారు. పెళ్లిళ్లకు రానంటారు. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో మనం అడ్డుకోగలిగిన వాటిలో వినికిడి లోపం ముఖ్యమైనదని వైద్య పత్రిక లాన్సెట్ వేసిన నిపుణుల కమిషన్ పదేపదే చెబుతోంది. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు చెవి మిషన్‌కు ఎందుకో కుటుంబాలు ఆలోచించుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం పసిపిల్లలకు జరుగుతోంది. బిడ్డకు చెవులు పనిచేస్తున్నాయో లేదో పుట్టిన ఆస్పత్రిలోనే, నిద్రపోతుండగా కొద్ది నిమిషాల్లో చెప్పే ఓఏఈ పరీక్ష ఉంది. నెల లోపు ఈ పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. పిల్లల్లో లోపాలను ముందే గుర్తించేందుకు 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా ఉంది. అయినా ఊళ్లలో జరిగేది వేరు. రెండేళ్లు దాటినా మాట రాకపోతే ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది’ అని నాయనమ్మ ధైర్యం చెబుతుంది. గుడికి తీసుకెళతారు, నాలుక కింద నరం చూపిస్తారు. అసలు పరీక్షకు వచ్చేసరికి మూడేళ్లు గడిచిపోతాయి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో వంశపారంపర్య చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ కనుక ఈ పరీక్ష ప్రతి కాన్పు తర్వాతా తప్పనిసరి కావాలి.

వినికిడి కోసం ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే పరికరం కాక్లియర్ ఇంప్లాంట్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చడం ఉమ్మడి రాష్ట్రం చేసిన మంచి పని. లక్షలు పోసే స్తోమత లేని ఇళ్ల పిల్లలు దానివల్ల మాట నేర్చుకున్నారు. అయితే ఆపరేషన్‌తో పని సగం కూడా అవ్వదు. పరికరాన్ని పిల్లవాడికి సరిపడేలా మళ్లీ మళ్లీ సరిచేయాలి, నెలల తరబడి థెరపీ చేయించాలి. జిల్లా నుంచి నగరానికి బిడ్డను తిప్పాలంటే తల్లి కూలి పోతుంది. వారంటీ అయిపోయాక చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ పాడైతే కొత్తది కొనలేక పెట్టెలో దాచేసే కుటుంబాలున్నాయి. ఆ రోజుతో బిడ్డకు మళ్లీ నిశ్శబ్దమే. ఆపరేషన్‌కు డబ్బిచ్చిన ప్రభుత్వమే ప్రాసెసర్ బాధ్యత కూడా తీసుకోవాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ‘సైగలు అలవాటు చేస్తే మాట రాదు’ అని తల్లిదండ్రులను భయపెట్టడం మానాలి. 1880లో మిలాన్‌లో సమావేశమైన బధిర విద్య అధ్యాపకులు బడుల్లో సంకేత భాష వద్దని తీర్మానించారు. ఆ ఒక్క తీర్మానం తరాల పిల్లల చేతులు కట్టేసింది. 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ దానికి విచారం ప్రకటించింది. చెవుడుతో పుట్టే పిల్లల్లో అత్యధికుల తల్లిదండ్రులు వినగలిగినవారే. వాళ్లకు సంకేత భాష రాదు, బిడ్డకు మాట అందదు. ఆకలి, నొప్పి, భయం తప్ప ఇంకేమీ చెప్పుకోలేని స్థితిలో ఐదేళ్లు గడిపిన పిల్లవాడికి ఆ తర్వాత ఏ భాషా పూర్తిగా పట్టుబడదు. మాట వస్తుందో రాదో తేలేదాకా ఆగకుండా, చెవుడు తెలిసిన రోజు నుంచే ఇంటిల్లిపాదీ సైగలు నేర్చుకుంటే బిడ్డకు పోయేదేమీ లేదు.

నేర్చుకోవడానికి సామగ్రి లేదని ఇప్పుడు అనలేం. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. అదే ఏడాది జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థ ఈ భాషను సెకండరీ స్థాయిలో సబ్జెక్టు చేసింది. మన సికింద్రాబాద్‌లోనే మాట, వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇవన్నీ అంగన్‌వాడీ దాకా, ఆశా కార్యకర్త దాకా దిగిరావాలి.

చట్టం విషయంలోనూ ఇదే దూరం. మాట్లాడలేని సాక్షి సైగలతో సాక్ష్యం చెప్పవచ్చు, అనువాదకుడి సాయంతో దాన్ని నమోదు చేసి వీడియో తీయాలి. భారతీయ సాక్ష్య అధినియమం చెప్పేది అదే. 2023లో బధిర న్యాయవాది సారా సన్నీ సంకేత భాషా అనువాదకుడితో సుప్రీంకోర్టు ముందు హాజరైతే దేశం సంతోషించింది. మండల పోలీస్ స్టేషన్‌కు ఫిర్యాదుతో వచ్చిన బధిర బాలిక మాటను ఎస్సైకి ఎవరు చెప్పాలి? చాలా చోట్ల బంధువులే చెబుతారు. నిందితుడు ఆ బంధువుల్లోనే ఉంటే?

2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగులకు సౌలభ్యం కల్పించే ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదని, తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని తీర్పు చెప్పింది. ఆ కేసులో క్షేత్రస్థాయి నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. 108 అంబులెన్స్ సేవ కూడా 2005లో ఇక్కడే పుట్టింది. మాట్లాడలేని మనిషి వీడియో కాల్‌లో సైగలతోనో, మెసేజ్‌తోనో ఆ బండిని పిలవగలిగే ఏర్పాటు ఊరూరా అందాలి. తెలుగు సినిమా పెద్దలు చేయగలిగింది కూడా ఉంది. ఓటీటీలో చాలా తెలుగు చిత్రాలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి, తెలుగువి ఉండవు. తెలుగు మీడియంలో చదివిన బధిర యువకుడికి తన భాష సినిమా తన లిపిలో దొరకదు.

అనువాదకుల శిక్షణకు సీట్లు పెంచి, జిల్లాకు ఇద్దరినైనా నియమించాలి. ఆస్పత్రి, పోలీసులు, కోర్టు ముగ్గురూ వాళ్లను పంచుకోవచ్చు, దూరమైతే వీడియోలో మాట్లాడించవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి చెవి పరీక్ష కోసం ఎవరు, ఏ రోజు, ఏ ఆస్పత్రికి వస్తారో స్లాట్లు ఇచ్చే అధికారులకు ముందే తెలుసు. వచ్చే శిబిరం నాటికి అక్కడొక అనువాదకుడిని కూర్చోబెట్టాలి.